నడుము మీద ఒలికిన నిమ్మసోడా

ఆమెకు కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. ఆసుపత్రి చీటీల మీద తప్ప అది ఇంకెక్కడా వాడుకలో ఉన్నట్టు లేదు. వీధి వీధంతా ఆమెను మరకల పిన్ని అంటుంది. తనకంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా పిన్నీ అనే పిలుస్తారు, ఆమె పలుకుతుంది. ముప్పై ఏళ్లుగా ఒకే డ్రైక్లీనింగ్ షాపులో, కిటికీ పక్కన ఒకే ఎత్తు స్టూలు మీద కూర్చుని, జనం బట్టల మీద చేసుకొచ్చిన నానా కంగాళీనీ వదలగొట్టడం ఆమె ఉద్యోగం. సిరా, నెత్తురు, గ్రీజు, పసిపిల్లల కక్కు, తాగొచ్చిన పెద్దల కక్కు, అన్నీ ఆ బల్ల మీదికే వచ్చేవి.

పిన్ని పనితనం సగం చేతిలో ఉంటే సగం నోట్లో ఉండేది. బట్ట తెచ్చినవాళ్లను కౌంటరు దగ్గర నిలబెట్టి ఆరా తీసేది. ఏం పడింది, ఎప్పుడు పడింది, పడ్డాక ఇంట్లో ఎవరైనా తెలివి చూపించి సబ్బు రుద్దారా, వేడినీళ్లు పోశారా. నీళ్లు నమిలేవాళ్లను అస్సలు వదిలేది కాదు. ఒకసారి ఒక పెద్దమనిషి కోటు తెచ్చి, కాలరు మీద మరకేమిటో తనకు తెలియదంటూ అటూ ఇటూ చూస్తుంటే, "లిప్‌స్టిక్ అయితే లిప్‌స్టిక్ అని చెప్పండి బాబూ, నేనేమీ మీ ఆవిడకి చుట్టాన్ని కాను" అంది. ఆయన చెప్పాడు, మరక పోయింది. డాక్టరు దగ్గరా తన దగ్గరా ఏదీ దాచకూడదని ఆమె అందరికీ పాఠం చెప్పేది. ఆ పాఠం చెప్పడం ఈమధ్య మానేసింది. ఎందుకు మానేసిందో చెప్పడానికే ఇదంతా.

విన్నదంతా ఒక చీటీ మీద రాసి, బట్ట లోపలివైపు పిన్నుతో గుచ్చడం ఆ షాపులో పద్ధతి. ఆ పద్ధతి పెట్టిందీ పిన్నే. కానీ ముప్పై ఏళ్లు ఒకే పని చేశాక ఎవరికైనా కాస్త తల తిరుగుతుంది. ఏ చొక్కా మీద ఏ మూల ఏముందో తనకు చూడకుండానే గుర్తుంటుందని పిన్నికి గట్టి నమ్మకం వచ్చేసింది. రెండు రాసి మూడోది మనసులో పెట్టుకోవడం, "గుర్తుంటుందిలే" అనడం అలవాటైంది. ఎన్నేళ్లయినా ఏదీ మర్చిపోలేదు కాబట్టి ఎవరూ అడగలేదు.

ఆ వీధి చివర రెండో అంతస్తులో ఒక టైలరమ్మ ఉంది. స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టడం ఆమె పని. ఏడాది పొడుగునా నీలం లాగూలు, నీలం గౌన్లు, తెల్ల చొక్కాలు. కుట్టిన మూటలు ఇస్త్రీకి పిన్ని షాపుకే తెచ్చేది. తల్లీ తండ్రీ లేరు, ఒక చెల్లెలు ఉంది, ఆ చెల్లెల్ని పెంచింది ఈమే. తన పెళ్లికి గౌను తనే కుట్టుకుంది. పాలమీగడ రంగు పట్టు, నడుము దాకా చేతికుట్టుతో చిన్న చిన్న ముత్యాల పూసలు, కింద నేలను తాకే కుచ్చిళ్లు. యూనిఫారాల పని అయ్యాక మిగిలిన పొద్దులో తొమ్మిది నెలలు కుట్టింది. కుట్టేటప్పుడే లోపల ప్రతి అతుకు దగ్గరా రెండు వేళ్ల గుడ్డ అదనంగా వదిలింది. చెల్లెలు తనకంటే కాస్త భారీ మనిషి. రేపు అదే గౌను విప్పి, వదులు చేసి, చెల్లెలి పెళ్లికి తొడగాలని లెక్క. ఇద్దరికీ కలిపి ఒకే గౌను అని అక్కాచెల్లెళ్లు ముందే అనుకున్నారు.

పెళ్లయిన నాలుగో రోజు గౌను దుప్పట్లో చుట్టి, చంటిపిల్లను ఎత్తుకొచ్చినట్టు రెండు చేతుల మీదా తెచ్చింది టైలరమ్మ.

"పిన్నీ, శుభ్రం చేసి పెట్టెలో పెట్టివ్వాలి. మళ్లీ చెల్లి పెళ్లిదాకా తియ్యను."

"అట్టాగే తల్లీ. ముందు కథ చెప్పు. ఎవరేడ్చారు, ఎవరు వాటేసుకున్నారు, ఏం ఒలికింది?"

టైలరమ్మ నవ్వుతూ వేళ్లు మడిచి చెప్పింది. కుచ్చిళ్లకు బురద. భుజం మీద మేనత్త లిప్‌స్టిక్. "ఇంకోటి, మా చెల్లి నవ్వుతూ నవ్వుతూ నిమ్మసోడా ఒంపేసింది పిన్నీ, ఇదిగో ఇక్కడ, ఎడమ నడుం మీద. ఆరిపోయాక ఏమీ కనపళ్లేదు. అయినా అది భయపడి చస్తోంది, పిన్నికి చెప్పడం మర్చిపోకు అని పొద్దుట్నించీ నా ప్రాణం తీసింది."

పిన్ని మొదటి రెండూ రాసింది. మూడోది రాయబోతుంటే లోపల్నుంచి ఓనరు కేకేశాడు. ఈ ఓనరు పాత ఓనరు కొడుకు, ఎప్పుడూ పరుగే, అందుకని అతనికి తొందరయ్య అని పేరు పెట్టింది పిన్నే. మెషీను కింద ఏదో కారుతోందట. "పిన్నీ, ఒక్కసారి రండి, రండి!" పిన్ని పెన్ను కింద పెట్టింది.

"సోడా కదా, గుర్తుంటుందిలే. నువ్వు వెళ్లు తల్లీ" అంది.

టైలరమ్మ వెళ్తూ వెళ్తూ అదే పట్టు ముక్క ఒకటి, జానెడు పొడుగుది, చేతిలో పెట్టింది. మందు ఏదైనా వేసే ముందు దాని మీద వేసి చూసుకోమంది. గుడ్డ సంగతి తెలిసిన మనిషి కాబట్టి అడక్కుండానే తెచ్చింది.

తీపి మరకకు ఒక గుణం ఉంది. ఈ కథలో తెలుసుకోవాల్సిన పనితనం ఇదొక్కటే కాబట్టి కాస్త ఓపిక పట్టండి. మెషీన్లో తిరిగే మందు నూనెనీ జిడ్డునీ లాగేస్తుంది, చక్కెరను ముట్టుకోదు. చక్కెరకు నీళ్లే కావాలి, అదీ చల్లటి నీళ్లు, దూదితో అద్ది అద్ది తియ్యాలి. తియ్యకపోతే ఆ చక్కెర గుడ్డ పోగుల్లో కంటికి కనపడకుండా కూర్చుంటుంది. పైన ఇస్త్రీ వేడి తగిలితే ఇక చెప్పక్కర్లేదు, మూకుడులో పంచదార మాడినట్టు, నెలల తరబడి మెల్లగా మాడుతుంది. పెట్టె మూత తీసేసరికి గోధుమరంగు మచ్చ. ఇది పిన్నికి ఎవరూ చెప్పక్కర్లేదు, పదిమందికి ఆమే నేర్పింది.

ఆ గౌను మీద ఆమె వారం రోజులు పనిచేసింది. బురదను ఎండనిచ్చి మెత్తటి బ్రష్షుతో దులిపింది. భుజం కింద తెల్లగుడ్డ పరిచి లిప్‌స్టిక్‌ను అంచునుంచి మధ్యకు అద్దుతూ తీసింది. ఊడబోతున్న పూసలు నాలుగు ఉంటే తనే కుట్టింది. కిటికీ వెలుగులో గౌనంతా వేలు పెట్టి వెతికింది. నడుము మీద ఏమీ లేదు. ఉండదు కూడా, ఆరిన నిమ్మసోడా ఎలా కనపడుతుంది? చీటీలో రాసినవి రెండూ పోయాయి. సన్నటి సెగ మీద ఇస్త్రీ చేసింది. చేతులకు నూలు తొడుగులు వేసుకుని, మడతకొక తెల్లకాయితం ఉండ చుట్టి పెట్టి, మడతలు నలగకుండా పెట్టెలో సర్దింది. మూత మీద షాపువాళ్ల కాయితం సీలు అంటించింది. సీలు మీద, విప్పితే మాది బాధ్యత కాదని తొందరయ్య అచ్చు వేయించిన మాట ఉంది. టైలరమ్మ వచ్చి పెట్టె తీసుకుని, పిన్ని చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకున్నంత పని చేసింది.

పది రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఎండ మండిపోతుంటే పిన్ని ఎదురు కొట్లో సోడా తాగింది. రెండు చుక్కలు తెల్ల ఏప్రన్ మీద పడ్డాయి. కొట్టు ముందు నిలబడి కబుర్లాడుతుండగానే అవి ఆరి, మాయమైపోయాయి. పిన్ని ఏప్రన్ వైపు చూసింది. చేతిలో గ్లాసు కొట్టువాడికి ఇవ్వడం కూడా మర్చిపోయి రోడ్డు దాటింది.

సాయంత్రం షాపు మూసే ముందు తొందరయ్యకు చెప్పింది. దాచలేదు, అది ఆమె పక్షాన చెప్పాల్సిన మాట.

"బాబూ, ఆ గౌను మళ్లీ తెప్పించాలి. నడుం మీద సోడా పడిందని ఆ పిల్ల చెప్పింది. నేను తియ్యలేదు."

తొందరయ్య తాళంచెవి తిప్పుతూ ఆగాడు. ఎప్పుడూ ఆగనివాడు ఆగాడు.

"మరక కనపడుతుందా పిన్నీ?"

"ఇప్పుడు కనపడదు. తర్వాత వస్తుంది."

"తప్పకుండా వస్తుందా?"

"వస్తుంది. రాకపోవచ్చు కూడా. చాలావరకు వస్తుంది."

"చూశారా, మీకే తెలీదు. సీలు వేసిచ్చిన పెట్టెను మనమే వెనక్కి తెప్పించి, అమ్మా మేం మర్చిపోయాం అంటే రేపట్నుంచి ఎవరన్నా గుమ్మం తొక్కుతారా? ముందు మరక వస్తుందో రాదో చూడండి. అప్పుడు మాట్లాడదాం."

పిన్ని నిజం చెప్పాలంటే ఆ మాటకు ఊపిరి పీల్చుకుంది. ముప్పై ఏళ్ల పేరు ఆమెది. మరకల పిన్ని మర్చిపోయిందట అని వీధిలో ఒకరు ఇంకొకరి చెవిలో వేయడం ఆమె ఊహించుకోలేకపోయింది. అందుకని, "చూద్దాం" అంది. ఆ ఒక్క మాటతో తన మనసుకు తనే జోల పాడింది.

చూడటం కూడా మామూలుగా చూడలేదు. పనిమంతురాలు కదా. టైలరమ్మ ఇచ్చిన పట్టు ముక్కను ఆరు ముక్కలు చేసింది. అదే కొట్లో అదే సోడా కొనుక్కొచ్చి ఆరింటి మీదా చెంచాడు చెంచాడు పోసి, ఆరబెట్టి, గౌనుకు పెట్టిన సెగతోనే ఇస్త్రీ పెట్టింది. తెల్లకాయితాల మధ్య పరిచి, బిస్కెట్ల డబ్బాలో సర్ది, ఇంట్లో బీరువా అడుగున దాచింది. నెలకొక ముక్క తీసి నీళ్లతో శుభ్రం చేసి చూడాలి. పోయినన్నాళ్లు గౌను మీదిది కూడా పోతుంది. ఇదీ ఆమె పథకం. వినడానికి ఎంత బాధ్యతగా ఉందో చూడండి.

మొదటి నెల ముక్క తెల్లగానే ఉంది, రెండో నెలా అంతే. మూడో నెల తీస్తే చుట్టూ సన్నటి పసుపు గీత. పది నిమిషాలు అద్దితే పోయింది. పిన్ని కిటికీ దగ్గర నిలబడి ఆ ముక్కను వెలుగుకు పట్టి చూస్తుంటే భర్త చూశాడు. ఆయన సిటీబస్సు నడిపి రిటైరైన మనిషి, ఇంట్లో ఏ చిన్న మార్పు జరిగినా అద్దంలోంచి వెనక చూసినట్టు పసిగడతాడు.

"ఏంటే, షాపులో చేసింది చాలక ఇంట్లో కూడా లేబరేటరీ పెట్టావా?"

"కొత్త మందు వచ్చిందిలెండి. ఎలా పనిచేస్తుందో చూస్తున్నా."

"పట్టు మీద మందా? మందేదో నామీద కూడా చల్లు, ఈ మోకాలి నొప్పి పోతుందేమో."

ఆమె నవ్వలేదు. పెళ్లయిన ముప్పై నాలుగేళ్లలో ఆయనతో పోట్లాడింది, అలిగింది, వంట మానేసింది. ముఖం మీద అబద్ధం చెప్పడం మాత్రం ఆ రోజే.

నాలుగో నెల వచ్చింది. డబ్బా తీసేసరికి ముక్క మధ్యలో మచ్చ, పలచటి టీ రంగు. పిన్ని దాన్ని ముందేసుకుని కూర్చుంది. చల్లటి నీళ్లు, కాస్త వెనిగర్, దూది. అద్దింది, ఆగింది, మళ్లీ అద్దింది. చివరికి పోయింది. గుడ్డ మళ్లీ పాలమీగడ రంగుకు వచ్చింది. అదే ఆఖరు అవకాశమని ఆమె చేతికి తెలిసింది. ఇంకో నెల ఆగితే ఇది లొంగదని ఆ మచ్చ మొండితనమే చెప్పింది. మర్నాడే వెళ్లి పెట్టె తెచ్చుకోవాలని గట్టిగా అనుకుంది.

మర్నాడు టైలరమ్మే షాపుకు వచ్చింది. యూనిఫారాల మూట కౌంటరు మీద దించి, నుదుటి మీద చెమట తుడుచుకుని, మొహం నిండా నవ్వింది.

"పిన్నీ, చెల్లికి సంబంధం కుదిరింది. ఇంకో నాలుగు నెలల్లో పెళ్లి."

"ఎంత మంచిమాట తల్లీ."

"గౌను సంగతి అది రోజూ అడుగుతోంది, పెట్టె ఒకసారి విప్పి చూద్దామే అని. నేనే వద్దన్నా. పిన్ని చేతిలో పెట్టాక మనకి దిగులేంటే అన్నా. అంతే కదా?"

పిన్ని నోరు తెరిచింది. ఎదురుగా ఆ పిల్ల మొహం, వెనక మెషీను రొద, పక్కన తొందరయ్య రసీదు చింపుతున్నాడు. ఏం అడ్డం వచ్చిందంటే ఇంతే. ఎవరో మెచ్చుకున్నారు, మెచ్చుకున్న నోటి ముందే కాదనలేకపోయింది. అంతకు మించి ఏమీ లేదు.

"అంతే తల్లీ" అంది.

వచ్చేవారం చెబుదామనుకుంది. వచ్చేవారం ఒంట్లో బాగోలేదు. ఆ పై వారం టైలరమ్మ కనపడలేదు. నిజానికి రెండో అంతస్తుకు మెట్లు ఎన్నున్నాయో పిన్నికి తెలుసు, ఇరవై నాలుగు. ఐదో నెల డబ్బా తెరిస్తే మచ్చ ముదురు గోధుమరంగులో ఉంది. నీళ్లు వేసింది, వెనిగర్ వేసింది, తన దగ్గరున్న మందులన్నీ వేసింది. మచ్చ పోలేదు, పట్టు పోగులు మాత్రం విడిపోయి నడుమ చిల్లు పడింది. ఆ చిల్లు పడ్డ ముక్కనూ, మిగిలిన ఆఖరి ముక్కనూ కాయితంలో చుట్టి, తమ వీధిలో కాదు, పక్కవీధి చెత్తడబ్బాలో పడేసి వచ్చింది. తేలు కుట్టిన దొంగలా అటూ ఇటూ చూసుకుంటూ ఇంటికి చేరింది.

"చూశారా పిన్నీ, మరక వచ్చిందా?" అని తొందరయ్య ఒక్కరోజు కూడా అడగలేదు. అడిగి ఉంటే ఆమెకు తిట్టడానికి ఒక మనిషి దొరికేవాడు.

ఏడో నెలలో టైలరమ్మ పెట్టె విప్పి ఉంటుందని పిన్ని లెక్కేసుకుంది. వదులు చేయడానికి ఆమాత్రం టైము కావాలి. ఆ నెలంతా షాపు తలుపు చప్పుడైనప్పుడల్లా పిన్ని తలెత్తి చూసేది. ఈరోజు వస్తుంది, నలుగురిలో నిలబెట్టి కడిగేస్తుంది అనుకునేది. వస్తే బాగుండుననీ అనుకునేది. టైలరమ్మ రాలేదు. యూనిఫారాల మూట ఎవరితోనో రిక్షాలో పంపింది. తర్వాత ఆ మూటలూ ఆగిపోయాయి. తిట్టని మనిషిని భరించడం ఇంత కష్టమని పిన్నికి అంతకుముందు తెలియదు.

పెళ్లికి రెండు వారాలుందనగా ఒక ఆదివారం పొద్దున్న భర్తకు అంతా చెప్పేసింది. ఆయన బొత్తాలు పెట్టుకుంటున్నవాడు పెట్టుకుంటున్నట్టే ఆగిపోయాడు. ఎగతాళి చేస్తాడనుకుంది. చేయలేదు.

"నన్ను రమ్మంటావా?" అన్నాడు.

"వద్దు. మీరొస్తే వాళ్లు మర్యాద కోసం ఏమీ అనరు."

ఇరవై నాలుగు మెట్లూ ఎక్కింది. తలుపు తీసే ఉంది. ముందుగదిలో మెషీను, గోడవారగా నడుం ఎత్తు నీలం గుడ్డల దొంతర. లోపలిగది తలుపుకు హ్యాంగరు మీద గౌను వేలాడుతోంది, పైన ఎడమపక్కకు ఒక తువ్వాలు కప్పి ఉంది. టైలరమ్మ లేచి నిలబడింది. నెల రోజుల్లో మనిషి సగమైంది.

"రా పిన్నీ, కూర్చో" అంది. తువ్వాలు వైపు పిన్ని చూపు పోవడం చూసి తల వంచుకుంది. "నీకు మొహం చూపించలేక రావట్లేదు పిన్నీ. నువ్వంత కష్టపడి చేసిచ్చావు. సోడా పడిందని నీకు చెప్పానే అనుకున్నా. చెప్పలేదేమో. పెళ్లి హడావిడిలో నా బుర్ర పనిచేయలేదు. నాదే తప్పు."

పిన్ని తిట్లు తినడానికి తయారై వచ్చింది. ఇది ఆమె లెక్కలో లేదు.

"చెల్లి నాతో మాట్లాడి నెలయింది" అంది టైలరమ్మ గొంతు తగ్గించి. "నీ పెళ్లి నీకైపోయింది, నా సంగతి నీకెందుకు గుర్తుంటుంది అనింది. చిన్నప్పట్నించీ దాన్ని ఒక్క మాట పడనివ్వలేదు నేను. అదే అంత మాట అనింది."

లోపలిగదిలో మంచం కిర్రుమంది. చెల్లెలు అక్కడే ఉంది, వింటోంది.

"నువ్వు చెప్పావు" అంది పిన్ని.

"ఏంటి?"

"నువ్వు చెప్పావు తల్లీ. ఎడమ నడుం మీద నిమ్మసోడా, చెల్లి ఒంపింది, చెల్లి భయపడి చస్తోంది అని కూడా చెప్పావు. నేనే రాసుకోలేదు. నేనే మర్చిపోయాను."

టైలరమ్మ ఒక్క క్షణం అర్థం కానట్టు చూసింది. తర్వాత మొహం మీదికి నెత్తురొచ్చింది. "చెప్పానా? నేను చెప్పానా పిన్నీ?" అంటూ ఆమె రెండు భుజాలూ పట్టుకుంది. చెల్లెలు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "విన్నావే? చెప్పానంట!" అంటూ అక్క ఏడుపూ నవ్వూ కలిపి ఒకేసారి వదిలేసి, పిన్నిని కౌగిలించుకుంది. "పోన్లే పిన్నీ, మనిషన్నాక మర్చిపోడా. వచ్చి చెప్పావు, అది చాలు. నువ్వు కాబట్టి వచ్చావు."

ఆ కౌగిలి వెచ్చగా ఉంది. పిన్ని అక్కడితో ఆగిపోవచ్చు. మిగతాది లోకంలో ఎవరికీ తెలియదు. తొందరయ్య చెప్పడు, భర్త చెప్పడు, ముక్కలు చెత్తలో కలిసిపోయాయి. ఇంకో నిమిషం నోరు మూసుకుంటే, కళ్లు తుడుచుకుని, మర్చిపోయిన పెద్దావిడగా మెట్లు దిగి వెళ్లిపోవచ్చు. ఆ పిల్ల చేతులు ఇంకా తన భుజాల మీద ఉండగానే పిన్ని చెప్పింది.

"మర్చిపోయింది నిజమే. కానీ మీ ఇంటికి పెట్టె వచ్చిన పది రోజులకే నాకు గుర్తొచ్చింది."

టైలరమ్మ చేతులు ఆగాయి.

"నువ్విచ్చిన ముక్క మీద సోడా పోసి, నెల నెలా చూస్తూ కూర్చున్నా. నాలుగో నెల దాకా మరక పోయింది. నాలుగో నెల్లోనే నువ్వు షాపుకొచ్చి, పెట్టె విప్పొద్దని చెల్లికి చెప్పానన్నావు. అప్పుడు నాకు తెలుసు. తెలిసే చెప్పలేదు. నా పేరు పోతుందని చెప్పలేదు."

భుజాల మీదనుంచి చేతులు మెల్లగా జారాయి. చెల్లెలు నడిచొచ్చి గౌను మీది తువ్వాలు తీసింది. ఎడమ నడుము మీద అరచేయంత మచ్చ, పూసల వరస మధ్యగా కిందికి కారినట్టు, ముదురు గోధుమరంగు. పిన్ని ఆ రంగును ముందే చూసింది. గౌను మీద చూడటం వేరుగా ఉంది.

"ఇప్పుడేమీ చెయ్యలేమా?" అంది చెల్లెలు.

"ఇప్పుడు తడి చేస్తే గుడ్డ చిరుగుతుంది. ఇదిగో, ఈ పోగు ఇప్పటికే..." అంటూ పిన్ని అలవాటుకొద్దీ చెయ్యి చాచింది.

"ముట్టుకోకు పిన్నీ" అంది టైలరమ్మ.

కేక కాదు, మామూలు గొంతే. పిన్ని చెయ్యి గాల్లోనే ఆగి వెనక్కి వచ్చింది. ముప్పై ఏళ్లుగా జనం తెచ్చి తెచ్చి ఆ చేతుల్లో పెట్టినవాళ్లే. వద్దన్నవాళ్లు లేరు. టైలరమ్మ గౌనును హ్యాంగరు మీదనుంచి దించి, మెషీను బల్ల మీద తిరగేసి పరిచింది. లోపలి అతుకుల్లో తాను వదిలిన గుడ్డను వేళ్లతో కొలిచింది. పెదవి కొరుక్కుంటూ చాలాసేపు చూసింది.

"కత్తెర ఇటియ్యి" అంది, చెల్లెలి వైపు చూడకుండా.

చెల్లెలు ఇచ్చింది. ఇచ్చి పక్కనే కూర్చుని, మచ్చ పడ్డ నడుము ముక్కను విప్పాల్సిన చోట గుడ్డను రెండు చేతులతో బిగించి పట్టుకుంది. పూసలు ఒక్కొక్కటీ గిన్నెలో పడుతున్నాయి. పిన్నిని ఇప్పుడు ఎవరూ కూర్చోమనలేదు, వెళ్లమనీ అనలేదు. ఆమె కాసేపు నిలబడి, చెప్పులు వేసుకుని బయటికి వచ్చింది.

సగం మెట్లు దిగాక వెనక అడుగుల చప్పుడైంది. చెల్లెలు. రెయిలింగు పట్టుకుని పై మెట్టు మీద ఆగింది.

"నాలుగో నెల్లో అక్క వచ్చిన రోజు నువ్వు చెప్పుంటే, ఖాయంగా పోయేదా?"

"పోయేది."

"ఎంతసేపు పట్టేది?"

పిన్ని గోడకు చెయ్యి ఆనించింది. అబద్ధం చెప్పాలనిపించింది. రోజులు పట్టేదని, చాలా కష్టమయ్యేదని, పోయినా పోకపోయేదని.

"అరగంట" అంది.

ఆ పిల్ల రెయిలింగు వదిలింది. మెట్లెక్కి పైకి వెళ్లిపోయింది.